1958 డ్రాక్యులా బ్లూ-రే: లైట్లు వేసేవాడి కళ్లతో

నాటకాలకు లైటింగ్ చేయడం నా పని. ఇరవై ఆరేళ్లయింది. అందుకే బ్రిటన్‌లోని హ్యామర్ అనే సినిమా కంపెనీ వాళ్ల డ్రాక్యులా ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే కథ చెప్పను, మెట్ల సంగతి చెప్తాను.

డ్రాక్యులా కోటకు అతిథిగా వచ్చి ఒంటరిగా ఉన్న హార్కర్ తల తిప్పి చూస్తాడు. మెట్ల పైన ఒక ఆకారం. నల్లగా ఉంది, ముఖం తెలియడం లేదు. జేమ్స్ బెర్నార్డ్ సంగీతం ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ మూడు స్వరాలు "డ్రా-క్యు-లా" అని పేరు పెట్టి పిలిచినట్టే ఉంటాయి. ఇక ఘోరం జరుగుతుందని మనం బిగుసుకుపోతాం. ఆ ఆకారం చకచకా మెట్లు దిగి వెలుగులోకి వస్తుంది. చూస్తే నిండైన పెద్దమనిషి, అందగాడు. వచ్చిన అతిథిని ఎంతో మర్యాదగా పలకరిస్తాడు. కొన్ని సీన్ల తర్వాత డ్రాక్యులా వేషం కట్టిన అదే క్రిస్టఫర్ లీ, ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఎర్రటి కళ్లతో, నోటి నిండా నెత్తురుతో తలుపు దగ్గర నిలబడతాడు. ఆ మర్యాద ముందే చూసి ఉండకపోతే ఈ ముఖానికి అంత జడుసుకోం. హార్కర్‌తో ఆడిన ఆ నాలుగు మాటలే మాటలు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా లీ పెదవి విప్పడు.

ఇదంతా థేమ్స్ ఒడ్డున బ్రే అనే చోట, పాత బంగళాను స్టూడియోగా మార్చుకుని, సుమారు 81 వేల పౌండ్లలో తీశారు. దర్శకుడు టెరెన్స్ ఫిషర్. సెట్లు బెర్నార్డ్ రాబిన్సన్‌వి. ఉన్న గోడల్నే తిప్పి, మార్చి మరో సినిమాకు వాడేసేవాడు. డబ్బు లేని చోట పని చేసినవాళ్లకు ఆ నేర్పు విలువ తెలుస్తుంది.

నాకు గురువులాంటివాడు మాత్రం కెమెరామన్ జాక్ ఆషర్. భయం పుట్టించాలంటే చీకటి చేయాలని అందరూ అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ని. ఆషర్ రంగు వేస్తాడు. దీపాలకు రంగు జెల్ కాగితాలు కట్టి, గోడ మీద ఒక చోట ఊదా, ఒక మూలన ఆకుపచ్చ పడేలా చేస్తాడు. ఆ వెలుగు ఎక్కణ్నుంచి వస్తోందో మనం అడగం, ఆ గదిని నమ్మేస్తాం. టైటిల్స్ అయ్యేసరికి శవపేటిక మీద చెక్కిన పేరుపై నెత్తురు చుక్కలు పడతాయి చూడండి. బూడిద రంగు రాయి మీద అంత పచ్చి ఎరుపు. అది చూశాకే, నా నాటకంలో స్టేజీ అంతా మసక రంగులు పరిచి ఒక్క ఎర్ర శాలువా మీద స్పాట్ వేశాను. ఆషర్ నిదానంగా లైట్లు పెడతాడని తర్వాత హ్యామర్ ఆయన్ని వదులుకుంది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది.

అందుకే ఈ డిస్క్ మీద నా ఫిర్యాదూ రంగు గురించే. బొమ్మ నీలం వైపు మొగ్గింది. కొవ్వొత్తి వెలుగులో ఉండాల్సిన వెచ్చదనం తగ్గింది. నేను టీవీలో వెచ్చదనం రెండు మెట్లు పెంచుకుని చూస్తున్నాను, అప్పటికి చర్మం చర్మంలా కనిపిస్తోంది. బొమ్మ శుభ్రత మీద వంక పెట్టడానికి లేదు.

పిశాచాల్ని వేటాడే వాన్ హెల్సింగ్‌గా వేసిన పీటర్ కుషింగ్ గురించి ఒక్క సీన్ చెప్తాను. రాత్రి, శ్మశానం. చిన్నపిల్ల తాన్యా చలికి, భయానికి వణుకుతూ ఉంటుంది. వాన్ హెల్సింగ్ తన కోటు తీసి ఆమెకు చుట్టి, బొచ్చు కాలర్ సర్ది, చేతిలో సిలువ పెడతాడు. అంతకుముందే అతను ఆ పిల్లను పట్టుకుపోతున్న, పిశాచంగా మారిన లూసీ నుదుటిని సిలువతో కాల్చాడు. ఆ చేతులే ఇప్పుడు కాలర్ సర్దుతున్నాయి. కుషింగ్ ఏ వస్తువు పట్టుకున్నా రోజూ వాడేవాడిలా పట్టుకుంటాడు. ఆ చేతులు నమ్మించాయి గనకే పిశాచాన్నీ నమ్ముతాం. అరవై ఏళ్లు దాటినా ఈ సినిమా పాతబడకపోవడానికి నాకు కనబడే కారణం ఇదే. ఇందులో ఒక్క నటుడు కూడా కథను చులకన చేయడు.

డిస్క్ కొనడానికి అసలు కారణం చివరి సీన్. 1958లో బ్రిటన్ సెన్సారు కొన్ని ముక్కలు కోయించింది. అవి పోయాయనే అనుకున్నారు. 2011లో టోక్యోలోని ఫిల్మ్ భాండాగారంలో దెబ్బతిన్న పాత రీళ్లలో దొరికాయి. వాటిని అతికించి 2012లో బాగుచేసిన ప్రతీ, అంతకుముందు 2007లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ బాగుచేసిన ప్రతీ రెండూ ఇందులో ఉన్నాయి. కలిసింది క్షణాలే. కుషింగ్ పొడవాటి బల్ల మీద పరుగెత్తి, తెర మీదికి దూకి లాగేస్తాడు. ఎండ లోపలికి పడుతుంది. రెండు కొవ్వొత్తి స్తంభాలు అడ్డంగా పట్టి సిలువ చేసి, లీని ఆ ఎండలోకి నెడతాడు. కొత్తగా చేరిన ముక్కలో లీ తన ముఖాన్ని తానే గోళ్లతో గీరుకుంటాడు, చర్మం ఊడి వస్తుంది. ఆ చోట బొమ్మ కాస్త అరిగినట్టు ఉంటుంది, పట్టించుకోకండి.

మొదటిసారి చూసేవాళ్లు 2007 ప్రతి పెట్టండి, తర్వాత రెండోది. డిస్క్ రీజియన్ బి, అంటే యూరప్, ఆస్ట్రేలియా వైపు ప్లేయర్ల కోసం చేసింది, మీ ప్లేయర్ తీసుకుంటుందో లేదో చూసుకుని కొనండి. సినిమా 82 నిమిషాలు. గదిలో లైట్లన్నీ ఆర్పేయకండి, వెనక ఒక చిన్న పసుపు దీపం ఉండనివ్వండి. ఆషర్ ఊదా రంగు అప్పుడే బాగా తెలుస్తుంది.