గులాబీ రంగు ఆకుల మొక్క కొనేముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల మొక్కలు పెంచుకునేవాళ్లందరికీ. వ్యానులో వీధుల్లోకి తెచ్చి అమ్మే మొక్కల్లో 'పింక్ కాంగో' అనేది కనిపిస్తే దయచేసి కొనకండి.

విజయనగరం కంటోన్మెంట్‌లో మా వీధికి వచ్చినతను "కడియం నుంచి డైరెక్టుగా తెచ్చానమ్మా, అరుదైన రకం, ఈ రంగు ఎప్పటికీ పోదు" అని గట్టిగా చెప్పి 900 రూపాయలు తీసుకున్నాడు. పైన నాలుగు ఆకులు మచ్చ లేకుండా నిండు గులాబీ రంగు, కిందివన్నీ మామూలు పచ్చాకులు. ఆ తర్వాత చుట్ట విప్పుకుని వచ్చిన ప్రతి కొత్తాకూ పచ్చగానే వచ్చింది. గులాబీ ఆకులు కూడా నెమ్మదిగా పచ్చబడిపోయాయి. ఫోన్ చేసి అడిగితే "నీళ్లు ఎక్కువ పోసుంటారు" అని పెట్టేశాడు.

నీళ్లకూ దీనికీ సంబంధమే లేదు. ఇది ఫిలోడెండ్రాన్ జాతి మొక్క, దీని అసలు రంగే ఆకుపచ్చ. పెంచేచోట రసాయన ప్రక్రియతో కొత్తాకుల్లో పత్రహరితం తయారవకుండా కొంతకాలం ఆపుతారు. ఆ ప్రభావం కొన్ని నెలల్లో దిగిపోతుంది, మొక్క తన రంగుకు తాను వచ్చేస్తుంది. ఈ సంగతి చెప్పి 150కి అమ్మితే ఎవరికీ బాధ ఉండదు. దాచిపెట్టి అమ్మడమే మోసం. దీన్నే 'పింక్ ప్రిన్సెస్' అనే వేరే రకం పేరుతో కూడా అంటగడుతున్నారు. అసలైన పింక్ ప్రిన్సెస్‌లో ముదురాకు మీద గులాబీ మరకలు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు, కాడ మీద కూడా గులాబీ చారలు కనిపిస్తాయి. ఆకు మొత్తం ఒకే గులాబీ రంగులో ఉండి, నడిమి చిగురు మాత్రం పచ్చగా ఉంటే అనుమానించాల్సిందే.

అలాగని రంగు పోయిన ప్రతిసారీ అమ్మినవాణ్ణి తిట్టలేం. క్రోటన్ రంగులు నిలవాలంటే రోజూ నాలుగైదు గంటల ఎండ తగలాలి. వరండాలో పెడితే కొత్త చిగుర్లు పచ్చగానే వస్తాయి. ఎండలోకి ఒక్కసారిగా మార్చకుండా మెల్లమెల్లగా జరిపితే రంగు తిరిగి వస్తుంది. నీడలో పెంచే రంగుల ఆకుల మొక్క అగ్లోనిమాకు ఇది పూర్తిగా రివర్సు: మన మే నెల మధ్యాహ్నపు ఎండ తగిలితే పాలిపోయి ఆకులు మాడిపోతాయి. తెల్లచారల మొక్కల్లో పూర్తి పచ్చ కొమ్మ లేస్తే వెంటనే మొదలుకంటా కత్తిరించండి. దానికి పత్రహరితం ఎక్కువ కాబట్టి త్వరగా పెరిగి మిగతా కొమ్మల్ని అణిచేస్తుంది. రంగు తగ్గిందని యూరియా వేస్తే ఇంకా పచ్చబడుతుంది.

నీలం, ఊదా రంగుల్లో మెరిసే కాక్టస్‌లు కూడా వ్యానులో వస్తున్నాయి. తడిగుడ్డతో గట్టిగా తుడిచి చూడండి, స్ప్రే పెయింట్ అయితే చాలాసార్లు రంగు గుడ్డకు అంటుతుంది. అంటకపోయినా, నడిమధ్యలో కొత్త పెరుగుదల పచ్చగా ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పటికే పింక్ కాంగో కొన్నవాళ్లు పారేయకండి. మొక్క ఆరోగ్యంగానే ఉంటుంది, నేరుగా ఎండ పడని వెలుతురులో పెడితే పెద్ద పెద్ద పచ్చాకులతో బాగా పెరుగుతుంది. కానీ అదే వ్యానులో "రంగు మళ్లీ తెప్పించే టానిక్" అని ఒక సీసా కూడా చూపిస్తున్నారు. ఏ టానిక్కుతోనూ ఆ గులాబీ రంగు వెనక్కి రాదు. దానికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.