డ్రయ్యర్ కొనబోతుండారా? నోటిమాట మీద డబ్బు కట్టబాకండి

పండగ ఆఫర్లని ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకున్న ఆ షోరూం గురించే రాస్తుండా. ఫిర్యాదు చేసుండా కాబట్టి ఇక్కడ పేరు పెట్టను. నెల్లూరోళ్ళకి చెప్పనక్కర్లేదు కూడా. ఇప్పుడే అక్కడినుంచి వచ్చాను, కోపానికి చేతులు ఇంకా వణుకుతుండాయి. గుడ్డలారబెట్టే డ్రయ్యర్ కోసం ఎవరన్నా అటు బయల్దేరుతుంటే మాత్రం ఇది చదివాక వెళ్ళండి.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. బిడ్డ పుట్టింది నవంబరులో. మన దగ్గర నవంబరంటే ఎట్టుంటుందో మీకు తెలుసు. మిగతా జిల్లాలకి వానలు తగ్గాక మనకి మొదలవుతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురే. ఒక వాయుగుండం పోయిందనుకుంటే ఇంకోటి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానప్పుడు దండెం మీద తువ్వాలు కూడా ఆరలేదు, అప్పుడే అనుకున్నా ఏదో ఒకటి కొనాలని. ఇప్పుడు ఇంట్లో పసిబిడ్డ. పొత్తిగుడ్డలు, బాలింత బట్టలు, దుప్పట్లు అన్నీ ఫ్యాన్ కింద వేస్తే ఒకటే మగ్గిన వాసన. ఇస్త్రీపెట్టెతో ఒక్కో గుడ్డ తడి ఆర్చుకుంటా కూర్చున్నాం. మేముండేది వేదాయపాళెంలో అద్దె ఫ్లాటు, ఎండ తగిలే బాల్కనీ లేదు. చీటీపాట డబ్బులు నా దగ్గరున్నాయి, అందులోంచి 30 వేల పైచిలుకు దీనికి పెట్టాను.

మనం మామూలుగా డ్రయ్యర్ అనేది సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్లో రెండో తొట్టిని. అది గిరగిరా తిప్పి నీళ్ళు పిండుతుంది, అంతే. నేను చెప్పేది టంబుల్ డ్రయ్యర్, వేడిగాలి పంపి బీరువాలో పెట్టుకునేంత పొడిగా ఆరబెట్టేది. ఇందులో రకాలుండాయి, మోసం జరిగేది కూడా అక్కడే. వెంటెడ్ అనే రకం బట్టల్లోని తడిని ఆవిరి చేసి వెనకనుంచి బయటికి ఊదుతుంది. దానికి చేతిమందాన పైపు పెట్టి గోడలోంచో కిటికీలోంచో బయటికి వదలాలి. కండెన్సర్ రకంలో ఆ ఆవిరి మిషన్ లోపలే చల్లబడి నీళ్ళయి ట్యాంకులోకి దిగుతుంది, ఆ నీళ్ళు మనం పారబోసుకోవాలి, లేకుంటే డ్రెయిన్ పైపు పెట్టుకోవాలి. హీట్ పంపు కూడా అట్టాంటిదే గానీ ఏసీలో ఉన్నట్టు దాంట్లో కంప్రెసరు, గ్యాసు ఉంటాయి. తక్కువ వేడితో నిదానంగా ఆరబెడుతుంది, కరెంటు దాదాపు సగమే తాగుతుంది, ధర మాత్రం బాగా ఎక్కువ.

ఇదంతా అమ్మాయి ఫోన్లో చదివి నాకు ముందే చెప్పింది. అద్దె ఇల్లు, గోడకి రంధ్రం కొట్టనివ్వరు, కాబట్టి కండెన్సరే కావాలని తేల్చుకునే వెళ్ళాను. అక్కడి కుర్రాడిని అడిగిన మొదటి మాటే అది. "పైపు బయటికి పెట్టాల్సిందయితే నాకొద్దు నాయనా" అన్నాను. "అమ్మా, ఇది కండెన్సర్. పైపు లేదు, రంధ్రం లేదు, బెడ్రూంలో పెట్టుకున్నా ఏం కాదు" అన్నాడు. రేటు రాసిచ్చిన కాగితం మీద తన చేత్తోనే "7 కేజీ, కండెన్సర్, పైపు అక్కర్లేదు" అని రాశాడు. ఆ కాగితం ఫొటో తీసి అక్కడినుంచే అమ్మాయికి వాట్సాప్‌లో పంపాను, ఇదేనా అని. సరేనంది. డబ్బు కట్టేశాను. బిల్లు మీద మాత్రం కంపెనీ పేరు, మోడల్ నంబరు, "డ్రయ్యర్ 7 కేజీ" అని ఉంది, రకం లేదు. మోడల్ నంబర్లో అక్షరాలు చూసి ఏ రకమో చెప్పడం కొనేవాళ్ళ వల్ల అయ్యే పనా?

డెలివరీ పిల్లలు వచ్చి పెట్టె దించి, సరుకు బాగానే అందిందని కాగితం మీద సంతకం తీసుకుపోయారు. కంపెనీ టెక్నీషియన్ రావడం ఆలస్యమయింది. ఈలోపు బిడ్డ గుడ్డలు గుట్ట పడిపోయినయి. వాషింగ్ మిషన్‌కి వాడే 16 ఆంప్స్ ప్లగ్గు ఉంది కదా అని అమ్మాయే పెట్టి ఆన్ చేసింది. కాసేపటికి ఇడ్లీపాత్ర మూత తీసినట్టు గదంతా ఆవిరి. అద్దం మసకబారింది, గోడకి చెమట పట్టింది, బాలింత ఉన్న గదిలోకి కూడా ఉక్కపోత పాకింది. బట్టలు చూస్తే గోరువెచ్చగా, తడితడిగానే ఉండాయి. బయటికి పోవాల్సిన ఆవిరి గదిలోనే తిరుగుతుంటే అదే తడిగాలిని మిషన్ మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది, ఇంక ఎక్కడ ఆరతాయి?

టెక్నీషియన్ మంచివాడు. వచ్చి చూసి ఒక్క మాటలో చెప్పాడు: "అమ్మా, ఇది వెంటెడ్. కండెన్సర్ అని మీకు ఎవరు చెప్పారు?" మిషన్ వెనక పెద్ద గుండ్రటి రంధ్రం చూపించాడు. ముందర నీళ్ళ ట్యాంకు సొరుగు లేదని చూపించాడు.

ఇక షోరూంలో జరిగింది చెప్తా. ఇది మాత్రం నేను మర్చిపోను.

బిల్లు, ఆ రేటు కాగితం తీసుకుని వెళ్ళాను. అదే కుర్రాడు అక్కడే ఉండాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, ముఖంలో తెలిసింది. విషయం చెప్పేసరికి "నేనట్టా చెప్పలేదమ్మా, మీరు సరిగా వినలేదు" అన్నాడు. నా కళ్ళల్లోకి చూసే అన్నాడు. వాడి వయసు మా అబ్బాయి వయసే. నాయనా, నీ చేత్తో రాసిచ్చావు గదా అని కాగితం చూపించాను. మాట్లాడకుండా మేనేజరుని పిలిచాడు.

మేనేజరు వచ్చి "ఇయ్యండమ్మా, చూస్తాను" అని కాగితం తీసుకున్నాడు. చూశాడు. మడిచాడు. టేబులు సొరుగులో వేసి మూసేశాడు. "ఇది మా షోరూం కొటేషన్ కాదండీ, స్టాంపు లేదు. మా దగ్గర బిల్లే లెక్క. ఒకసారి అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం, బిల్లు మీదే ఉంది చూడండి. పైగా వాడేశారు కూడా" అన్నాడు. నా కాగితం నాకిమ్మంటే ఇవ్వలేదు. ఎదురుగా నిలబడి అడుగుతుంటే నన్ను దాటి వెనకనున్న కస్టమరుతో "చెప్పండి సార్" అంటుండాడు.

నేను కదల్లేదు. అప్పుడు అన్నాడు: "మీకివన్నీ అర్థం కావమ్మా. ఇంట్లో సార్‌ని పంపించండి, సార్‌తో మాట్లాడతాం."

అమ్మేటప్పుడు సార్ కావాలని అడగలేదే! నోట్లు లెక్కపెట్టుకునేటప్పుడు నాతో మాట్లాడారే! అది నెలనెలా నేను కట్టిన చీటీ డబ్బు. మా ఆయన కృష్ణపట్నంలో డ్యూటీలో ఉన్నాడు, ఇంట్లోకి ఏ వస్తువు కావాలన్నా చూసి కొనేది నేనే. వెంటెడ్ అంటే ఏందో, కండెన్సర్ అంటే ఏందో ఆ షాపులో కౌంటరు మీద కూర్చున్న వాళ్ళకన్నా నాకు బాగా తెలుసు. తెలుసు గాబట్టే వాళ్ళకి కోపం వచ్చింది. కస్టమర్లందరి ముందు అట్టా అంటుంటే, పక్కన ఫ్రిజ్‌లు చూస్తున్న ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు. నాకు అన్నిటికన్నా బాధయింది ఆ మాటకి, ఆ తర్వాత ఆ సొరుగు మూసిన చప్పుడుకి. డబ్బు పోతే మళ్ళీ కూడబెట్టుకుంటాం. మనిషి చేతిలోని కాగితం లాక్కుని, నీకు అర్థం కాదు పొమ్మంటే ఎట్టా ఊరుకుంటాం?

చివరికి వాళ్ళు చెప్పిన పరిష్కారం, పైపు కొనుక్కుని కిటికీలోంచి బయటికి పెట్టుకోమని. ఆ పైపుకి డబ్బులు వేరే. ముసురులో కిటికీ తెరిస్తే జల్లు లోపలికి, సాయంత్రమైతే దోమలు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో!

వాళ్ళు సొరుగులో దాచుకున్న కాగితం ఫొటో అమ్మాయి ఫోన్లో తేదీతో సహా ఉంది. ఆ సంగతి వాళ్ళకి తెలీదు. ఇంటికి రాగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్ళు దిగిరాకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు వేస్తే చాలు. మా అన్న కొడుకు వకీలు చదువుతుండాడు, వాడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం తీసి చదివి వినిపించాడు. ఒక మోడల్‌ని ఇంకో మోడలని అబద్ధం చెప్పి అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుందంట, ఆ అబద్ధం కాగితం మీద రాసినా నోటితో చెప్పినా సరే. నోటిమాట కూడా లెక్కలోకి వస్తుందన్నప్పుడు నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. కాకపోతే నిరూపించుకోవాల్సింది మనమే.

కొనేవాళ్ళకి నాకు తెలిసినంతలో చెప్తా. వెంటెడా, కండెన్సరా, హీట్ పంపా అన్నది బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. షోరూంలో ఉన్న పీసు వెనక్కి తిప్పించి చూడండి, పెద్ద గుండ్రటి రంధ్రం ఉంటే అది వెంటెడ్. మిషన్ మీద అంటించిన ప్లేటు కూడా చదవండి. హీట్ పంపు అయితే గ్యాసు పేరు ఉంటుంది, వాట్లు తక్కువుంటాయి. 2000 వాట్లు, ఆపైన ఉండి గ్యాసు ఊసే లేకపోతే, హీట్ పంపని ఎవడు చెప్పినా నమ్మబాకండి. 2000 వాట్లంటే గంటకి 2 యూనిట్లు, నెల తిరిగేసరికి స్లాబు మారిపోతుంది, అదీ చూసుకోండి. వాషింగ్ మిషన్లోనే డ్రయ్యర్ కలిసొచ్చేవాటిలో ఉతికే బరువుకీ ఆరబెట్టే బరువుకీ తేడా ఉంటుంది, 8 కేజీలు ఉతికేది 5 కేజీలే ఆరబెడుతుంది, రెండు అంకెలూ అడగండి. ఏ రకమైనా సరే, దూది పట్టే జల్లెడ ప్రతిసారీ శుభ్రం చెయ్యాలి, లేకపోతే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఇది మాకు టెక్నీషియనే చెప్పాడు, షాపులో ఎవరూ నోరు విప్పలేదు.

డెలివరీ వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు "పెట్టె మాత్రమే అందింది, మిషన్ చూడలేదు" అని పక్కన రాయండి. ఏ కాగితమైనా షాపు వాళ్ళ చేతికి ఇచ్చేముందు ఫొటో తీసి పెట్టుకోండి. అసలు కాగితం ఇవ్వబాకండి, జిరాక్సు ఇవ్వండి.

ఆ షోరూంలోనే కండెన్సరని చెప్పి వెంటెడ్ అంటగట్టించుకున్నవాళ్ళు నెల్లూరులో గానీ, కావలి, ఒంగోలు వైపు గానీ ఉంటే దయచేసి నాకు చెప్పండి. మీ బిల్లు, వాళ్ళు రాసిచ్చిన కాగితం ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. నలుగురం కలిసి వెళ్తే ఆ సొరుగు తెరవక తప్పదు వాళ్ళకి.