మా డబుల్ వైడ్ ఇల్లు: లోను ఆగిందీ, కదిలిందీ ఎర్ర ట్యాగ్ దగ్గరే

అమెరికాలో మాన్యుఫాక్చర్డ్ హోమ్ (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలబెట్టే ఇల్లు) కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు వంటిల్లు, కార్పెట్, బాత్‌రూములు చూసేముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, బయటి గోడ మీద హడ్ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) ఎర్ర ట్యాగ్ ఉందో లేదో చూడండి. ఇల్లు ఫెడరల్ ప్రమాణాల ప్రకారం తయారైందనడానికి గుర్తుగా అంటించే, అరచేతిలో పట్టేంత రేకు అది. 1976 జూన్ 15 నుంచి ఫ్యాక్టరీలో తయారైన ప్రతి సెక్షన్‌కీ ఒకటి ఉండాలి. డబుల్ వైడ్ అయితే, అంటే రెండు సెక్షన్లు కలిపి నిలబెట్టిన ఇల్లయితే, రెండుండాలి. మా ఇంటికి ఒక్కటే ఉంది. ఆ రెండో రేకు కోసం మేం పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఇది రాస్తున్నాను.

టెక్సస్‌లో టైలర్ ఊరి బయట, ఎకరం స్థలంలో ఉంది మా ఇల్లు. 2014లో పాత ఓనర్ దగ్గర కొన్నాం. స్థలానికి దాచుకున్న డబ్బు కట్టేశాం, ఇంటికి మాత్రం చాటెల్ లోను తీసుకున్నాం. అంటే లెక్కలో ఇల్లు కారు లాంటి చరాస్తి. కొన్న కొత్తలో డాలస్ స్నేహితులకి తెగ చెప్పేదాన్ని, ఈ ధరకి ఇన్ని గదులు, గోంగూర, బెండ వేసుకోవడానికి ఇంత పెరడు ఫ్రిస్కోలో దొరకవని. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే మా కిస్తీ తక్కువగా ఉన్నది ఇంటి ధర తక్కువ కాబట్టి. వడ్డీ మాత్రం మామూలు ఇంటి లోను కంటే బాగా ఎక్కువే కట్టాం.

2020లో ముప్పై ఏళ్ల మార్ట్‌గేజ్ సగటు వడ్డీ మూడు శాతం లోపుకి దిగేసరికి, ఎఫ్‌హెచ్‌ఏ (లోన్లకి బీమా ఇచ్చే ఫెడరల్ సంస్థ) టైటిల్ 2 పథకం కింద రీఫైనాన్స్ చేద్దామని, అంటే పాత లోను తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకుందామని అనుకున్నాం. దానికి ఇల్లు, స్థలం కలిసి ఒకే స్థిరాస్తిగా ఉండాలి, పునాది శాశ్వతమైనదై ఉండాలి. లోన్ ఆఫీసర్ ఫొటోలు చూసి, ఒక ట్యాగ్ ఉంది కదా, చాలు అన్నాడు. కొన్నాళ్లు వడ్డీ మారకుండా రేటు లాక్ చేశాం, ఫీజులు కట్టాం. ఫైలు అండర్‌రైటర్ (లోను ఇవ్వచ్చో లేదో తేల్చే మనిషి) బల్ల మీదికి వెళ్లాక రెండో సెక్షన్ ట్యాగ్ ఏది అని అడిగారు. లేదని చెప్పగానే ఫైలు ఆపేశారు. మాకంటే ముందున్న ఓనర్ వడగళ్ల వానకి దెబ్బతిన్న సైడింగ్ (బయటి గోడ పలకలు) మార్పించినప్పుడు ఆ రేకు పోయింది. వంటింటి అలమరలో అతికించి ఉండాల్సిన, ఇంటి తయారీ వివరాలుండే డేటా ప్లేట్ కాగితం కూడా కొత్త అలమరలు పెట్టినప్పుడే పోయింది. కప్పు కారకుండా, ఫ్లోర్ మెత్తబడకుండా, ఏసీ ఏటా సర్వీస్ చేయిస్తూ ఇన్నేళ్లు చూసుకున్న ఇల్లు, ఒక రేకు లేదని వాళ్ల లెక్కలో ఇల్లే కాకుండా పోయింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. ట్యాగ్ లేకపోయినా పర్లేదన్న ఆ ఆఫీసర్, లాక్ గడువు పెంచడానికి అదనపు ఫీజు మా దగ్గరే అడిగాడు.

పోయిన ట్యాగ్‌కి హడ్ కొత్తది ఇవ్వదు. దానికి బదులు ఐబీటీఎస్ అనే సంస్థ రికార్డులు వెతికి, ఫలానా సీరియల్ నంబరుకి ఫలానా లేబుల్ ఇచ్చారని ఉత్తరం ఇస్తుంది. సీరియల్ నంబరు ఎక్కడ దొరుకుతుందంటే, ఇంటి కిందున్న ఇనుప చాసిస్‌లో ముందు అడ్డదూలం మీద కొట్టి ఉంటుంది. మా ఆయన ఇంటి అడుగు చుట్టూ మూసి ఉండే స్కర్టింగ్ పలక ఒకటి ఊడదీసి, టార్చి పట్టుకుని కిందికి పాకి, వైరు బ్రష్‌తో తుప్పు గీకి నంబరు చదివితే నేను బయట కూర్చుని రాసుకున్నాను. ఉత్తరం వచ్చింది, అండర్‌రైటర్ ఒప్పుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన పని చెప్పినట్టు జరిగింది ఇదొక్కటే. అందుకే కొనకముందే ఆ ఉత్తరం తెప్పించుకోండి, లేదా అమ్మేవాళ్లనే తెప్పించమనండి.

పునాది సంగతి అంత తేలిగ్గా తెగలేదు. దిమ్మెల మీద నిలబెట్టి, ఇనుప పట్టీలతో నేలకి బిగించడం ఇక్కడ మామూలే. కానీ ఎఫ్‌హెచ్‌ఏకి లైసెన్స్ ఉన్న ఇంజనీర్ సంతకం కావాలి, అదీ హడ్ శాశ్వత పునాదుల గైడ్ ప్రకారం. ఆయన వచ్చి చూసి, కాంక్రీట్ మీద అదనంగా ఇనుప బ్రేసులు పెట్టించమన్నాడు. పెట్టించాకే సంతకం చేశాడు. తర్వాత టెక్సస్ స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్‌ని (ఇల్లు ఎవరిదో చెప్పే పత్రం) స్థిరాస్తి కిందికి మార్పించి, కౌంటీ రికార్డుల్లో నమోదు చేయించాలి. పాత లెండర్ ఒప్పుకోకుండా, లేదా వాళ్ల లోను తీరకుండా అది మారదు. ఆస్తి కాగితాలు చూసే టైటిల్ కంపెనీ, పాత లోను తీరడం, పత్రం మారడం రెండూ కొత్త లోను సంతకాలప్పుడే (క్లోజింగ్) కలిసివచ్చేలా చూసింది.

అప్రైజల్, అంటే ఇంటి విలువ కట్టడం, మాకు అనుకోని సంతోషం. పోల్చడానికి చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన మాన్యుఫాక్చర్డ్ ఇళ్లు కూడా కావాలి, మామూలు ఇళ్లు మాత్రమే చాలవు. అవి దొరకవేమోనని భయపడ్డాను. దొరికాయి, కొన్న ధర కంటే విలువ బాగానే పెరిగింది. స్థలంతో కలిపి ఉన్న ఇలాంటి ఇళ్ల ధరలు మామూలు ఇళ్లతో దాదాపు సమానంగా పెరిగాయని ఫెడరల్ హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ సూచీ కూడా చూపిస్తుంది. అయితే రిపోర్టు నిదానంగా చదివితే, మా పెరుగుదలలో పెద్ద వాటా ఎకరానిదే.

ఆ తేడా నాతో పనిచేసే ఆవిడ ఇంటి విషయంలో ఇంకా స్పష్టంగా కనిపించింది. ఆమెది మా ఇంటికంటే కొత్తది, పైగా అందమైనది. కానీ ఇలాంటి ఇళ్ల కోసం స్థలాలు (లాట్లు) అద్దెకిచ్చే పార్కులో, నెల అద్దె స్థలంలో ఉంది. లాట్ అద్దె పెరుగుతూ పోయింది. అమ్మబోతే వచ్చినవాళ్లకి చాటెల్ లోను తప్ప మరొకటి దొరకలేదు, ఆ వడ్డీ చూసి బేరాలు వెనక్కి పోయాయి. వేరే చోటికి తరలిద్దామంటే ఖర్చు సరే, ఒకసారి నిలబెట్టిన చోటు నుంచి కదిలిన ఇంటికి మార్ట్‌గేజ్ ఇవ్వడానికి చాలామంది లెండర్లు ముందుకు రారు. చివరికి తక్కువకే ఇచ్చేసింది.

మరి కొనమంటానా? మా ఇద్దరి ఉద్యోగాలూ ఈ ఊళ్లోనే, పిల్లల స్కూలూ ఇక్కడే, ఇప్పట్లో కదిలేది లేదు. స్థలం సొంతం, లోను ఇప్పుడు మామూలు వడ్డీకి వచ్చింది. మాకు కుదిరింది. హెచ్1బీ మీద ఉండి రెండేళ్లకో ఊరు మారేవాళ్లయితే నేను సరే అనలేను. అమ్మాలన్నప్పుడు మీ ధరని నిర్ణయించేది కొనేవాడికి దొరికే లోనే, దానికి టైం పడుతుంది. పార్కు అద్దె స్థలంలో అయితే, ఇల్లు ఎంత నచ్చినా, లాట్ అద్దె ఒప్పందం చదవకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. మా రెండో ట్యాగ్ ఉత్తరం కాపీ, ఇంజనీర్ సర్టిఫికెట్, కౌంటీ ముద్ర పడ్డ స్టేట్‌మెంట్ మూడూ ఒకే ఫైల్లో పెట్టాను. ఎప్పుడైనా అమ్మితే కొనేవాళ్లకి ముందు ఇచ్చేది అదే.