జేమ్స్ నదిలో క్యాట్‌ఫిష్ వేటకు 12 అడుగుల కయాక్: కొనొచ్చా, వద్దా?

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత తీరిగ్గా. పెడళ్లు లేకుండా తెడ్డుతో నడిపే 12 అడుగుల సిట్ ఆన్ టాప్ (లోపల కాకుండా పైనే కూర్చునే) ఫిషింగ్ కయాక్, వర్జీనియాలో జేమ్స్ నది మీద, రిచ్‌మండ్‌కి దిగువన ఆటుపోట్లుండే భాగంలో క్యాట్‌ఫిష్ పట్టడానికి కొనదగ్గ వస్తువే. కాకపోతే షాపులో సీటు గురించీ కప్ హోల్డర్ గురించీ అరగంట చెప్తారు గానీ, ఈ నదిలో మిమ్మల్ని కాపాడేదీ చేపను పడవ దాకా తెచ్చేదీ ఆ కయాక్‌తో పాటు రాదు, విడిగా కొనుక్కోవాలి. అది యాంకర్ ట్రాలీ, అంటే లంగరు తాడును ముక్కు వైపుకో తోక వైపుకో జరుపుకునే ఏర్పాటు. ఇంకేం చదవకపోయినా ఆ ఒక్క భాగం చదవండి.

కంపెనీ పేరు రాయడం లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పైగా వెయ్యి డాలర్ల లోపు దొరికే ఈ సైజు కయాక్‌లన్నీ కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. నాది 12 అడుగుల పొడవు, 32 అంగుళాల పైచిలుకు వెడల్పు, ఖాళీగా 64 పౌండ్లు, అంటే 29 కిలోలు. మోసే బరువు 375 పౌండ్లని రాసి ఉంటుంది, అందులో మీ ఒంటి బరువు, ఐస్ బాక్స్, బ్యాటరీ, లంగరు, పట్టిన చేపలు అన్నీ లెక్కే. అంత దాకా నింపితే అడుగున నీళ్లు పోవడానికి పెట్టిన రంధ్రాల్లోంచే నీళ్లు పైకొచ్చి సీటు కింద నిలుస్తాయి, పడవ కూడా మొద్దుగా కదులుతుంది. 280 దాటకుండా చూసుకుంటే హాయిగా ఉంటుంది.

కారెక్కించడం ఒక్కరి వల్ల అవుతుంది, కానీ ఎత్తడం కాదు, తోయడం. వెనక డిక్కీ అద్దం మీద రబ్బరు బాత్‌మ్యాట్ పరిచి, ముక్కు దాని మీద ఆనించి, తోక పట్టుకుని పైకి నెట్టాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఈ ఒక్క పనికే భయపడి పదడుగుల కయాక్ వైపు వెళ్తున్నారు. ఈ నదికి పదడుగులది వద్దు, పాటులో, అంటే నీళ్లు వెనక్కి తీసే వేళ, ఎదురు తెడ్డు వేసేటప్పుడు ఆ రెండడుగుల తేడా భుజాలకు తెలుస్తుంది.

నేను ఎక్కువగా దింపేది చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలోని డచ్ గ్యాప్ దగ్గర. ఆ చోటికి చరిత్ర ఉంది. 1611లో ఇంగ్లీషువాళ్లు హెన్రికస్ అనే ఊరు కట్టుకున్నది అక్కడే, అమెరికా అంతర్యుద్ధంలో 1864లో నది వంపుకు అడ్డంగా సైనికులు కాలువ తవ్వడం మొదలుపెట్టిందీ అక్కడే. ఆ కాలువే ఇప్పుడు అసలు నది. పాత వంపు వైపు మడుగుల్లా మిగిలిపోయింది, పాత బార్జీలు (సరుకు పడవలు) మునిగి కనిపించేది అందులోనే. అక్కడ కయాక్‌లు దింపుకోవడానికి వేరే చోటు కూడా ఉంది, కొత్తవాళ్లు ముందు అందులో తిరగడం మంచిది. పెద్ద చేప కోసమైతే పడవల ర్యాంపు నుంచి నదిలోకి దిగాల్సిందే.

ర్యాంపు మీద ఒక్క విషయం గుర్తుంచుకోండి, అది టైడ్ టైము. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కోటి ఆరు గంటలకు కాస్త ఎక్కువ, నీటి మట్టంలో తేడా సుమారు మూడడుగులు. మూడడుగులేగా అనిపిస్తుంది గానీ, పాటు పూర్తయ్యాక వెళ్తే పొద్దున నీళ్లలో ఉన్న కాంక్రీటు మొత్తం బయటపడి ఉంటుంది, దాని మీద ఆకుపచ్చని పాచి. మామూలు చెప్పులతో ఆ పాచి మొదలయ్యే గీత దాటి కింద అడుగేశారా, మీరు, కయాక్, రాడ్లు అన్నీ కలిసే జారతారు. ర్యాంపు పక్కన బురదలోకి దిగుదామంటే మోకాలి దాకా ఒండ్రు. అందుకే పోటు సగం దాటాక దింపడం సుఖం. నది ముఖద్వారం దగ్గరి టైమింగ్ చూసి బయల్దేరకండి, పోటు అక్కడి నుంచి ఇంత పైకి రావడానికి గంటలు గంటలు పడుతుంది. నోవా (టైడ్ టైములు ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్‌లో రిచ్‌మండ్ వైపు స్టేషన్లు వేరేగా ఉంటాయి, అవి చూడండి. పైన కొండల్లో వాన పడి రిచ్‌మండ్‌కి ఎగువన నీటి మట్టం కొలిచే వెస్ట్‌హామ్ గేజ్ పెరిగి ఉంటే పోటు వచ్చినా ప్రవాహం వెనక్కి తిరగదు, మట్టం మాత్రమే పెరుగుతుంది, అప్పుడు వెళ్లేటప్పుడు వేగంగా పోయి తిరిగి రావడానికి నానా తంటాలు పడాలి. అలాంటి రోజు ఇంట్లో ఉండండి.

రెండు చక్రాల కార్ట్ తప్పకుండా కొనండి, కానీ అడుగు రంధ్రాల్లోకి గొట్టాలు దూర్చే రకం వద్దు. బరువంతా ఆ రంధ్రాల అంచుల మీద పడి ప్లాస్టిక్ అక్కడే చీలుతుంది. బెల్టుతో కట్టే రకం తీసుకోండి.

ఇక నీళ్ల మీద. సీటు నిజంగా బాగుంది, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. అల్యూమినియం ఫ్రేము, గాలాడే గుడ్డ, ఎత్తు మార్చుకోవచ్చు. ఐదారు గంటలు కూర్చున్నా నడుం పట్టదు. కిందికి దించి కూర్చుంటే ఈ వెడల్పుకు భలే నిలకడగా ఉంటుంది. నాతో వచ్చిన మా బామ్మర్ది "బావా, నిలబడి వేస్తే ఇంకా దూరం పడుతుంది కదా?" అన్నాడు. "చెరువైతే నిలబడేవాడివిరా, ఇక్కడ కూర్చునే వెయ్యి" అన్నాను. ప్రకటనల్లో నిలబడి ఫోటోలు వేస్తారు, కదలని నీళ్లలో అది నిజమే కావచ్చు, కానీ పాటు ఒక వైపు లాగుతూ గాలి ఇంకో వైపు తోస్తుంటే ఈ వెడల్పు మీద నిలబడే ధైర్యం ఎవరికీ చెప్పను. చుక్కాని లేదు కాబట్టి పక్కగాలికి ముక్కు తిరిగిపోతుంటుంది, రెండు తెడ్డు దెబ్బలకోసారి సరిచేసుకోవాలి.

నచ్చనివి రెండు. ముందు హ్యాచ్ మూత కింద రబ్బరు సరిగా ఆనదు, కెరటం పైకొస్తే లోపలికి నీళ్లు. ఫోను, బట్టలు అందులో పెట్టాలంటే డ్రై బ్యాగ్ తప్పనిసరి. రెండోది, రాడ్ హోల్డర్లు. సీటు వెనక రెండు గుంటలు ఇచ్చారు, అవి ప్రయాణంలో రాడ్లు పెట్టుకోవడానికే పనికొస్తాయి. క్యాట్‌ఫిష్‌కి సర్కిల్ హుక్ వాడతాం కదా, చేప ఎర మింగి కదిలేటప్పుడు రాడ్ దానంతటదే వంగి హుక్ మూతి పక్కన దిగాలి, మనం గుంజకూడదు. ఆ రాడ్ కళ్లముందే ఉండాలి, ఆ లాగుడికి హోల్డర్ విరగకూడదు. కాబట్టి ముందు పక్కనున్న ట్రాక్‌లకు గట్టి హోల్డర్లు రెండు బిగించుకోండి.

ఇప్పుడు యాంకర్ ట్రాలీ. కయాక్ పక్కన ముక్కు నుంచి తోక దాకా రెండు చిన్న కప్పీల మీద తిరిగే తాడు, దానికో రింగు, అంతే. లంగరు తాడు ఆ రింగులోంచి పోతుంది. సీట్లోంచి లేవకుండా తాడు లాగితే రింగు తోక దగ్గరికి పోతుంది, పడవ అడ్డం తిరక్కుండా ప్రవాహం వాటంలోనే నిలుస్తుంది, మీ ముఖం దిగువకి, రాడ్లు ముందుకి. ఇది లేకుండా లంగరు తాడును సీటు పక్కనున్న హ్యాండిల్‌కి కట్టేస్తే పడవ అడ్డం తిరుగుతుంది, నీటి బరువంతా ఆ పక్క మీద పడి అంచును కిందికి లాగుతుంది, ఒరిగిన కయాక్‌లోకి నీళ్లు రావడానికి క్షణం చాలు. చలికాలంలో ఈ నీళ్లలో పడితే చేతులు నిమిషాల్లో పనిచేయడం మానేస్తాయి. పక్కన కట్టడం ఎప్పుడూ వద్దు, పిల్లలు తోడున్నా లేకున్నా, ప్రవాహం తక్కువున్నా ఎక్కువున్నా సరే.

లంగరు మూడు మూడున్నర పౌండ్లది చాలు. తాడు లోతుకు నాలుగైదు రెట్లు వదలండి. ఈ నది అడుగున మునిగిన దుంగలు విపరీతం, అందుకని తాడును లంగరు అడుగు వైపు రింగుకు కట్టి, పై రింగు దగ్గర ప్లాస్టిక్ జిప్ టై ఒకటి బిగించండి. ఇరుక్కుంటే గట్టిగా లాగండి, టై తెగి లంగరు తలకిందులుగా తిరిగి ఊడొస్తుంది. తాడు చివర ఒక బెండు కట్టుకోండి. పెద్ద చేప తగిలినప్పుడు లంగరు ఎత్తే తీరిక ఉండదు, తాడు వదిలేసి చేప వెంట పోవాలి, తర్వాత వచ్చి బెండు పట్టుకోవచ్చు. నార్‌ఫోక్ నుంచి రిచ్‌మండ్‌కి కంటైనర్లు మోసే బార్జీలు ఈ దారినే వస్తాయి. టగ్ పైలట్‌కి మీరు కనపడరు, కనపడినా ఆపలేడు. ఎరుపు, ఆకుపచ్చ బోయాల మధ్యలో లంగరు వేయకండి, ఆ ఛానెల్ (పెద్ద పడవలు పోయే దారి) అంచున లోతు మారే చోట వేయండి. చేప తిరిగేదీ ఎలాగూ అక్కడే.

ఎరగా గిజార్డ్ షాడ్, తాజాది, ముక్కలు కోసి. మన పులసకు దూరపు చుట్టం ఇది, పొట్ట కింద అదే పదునైన అంచు, అదే వెండి రంగు. ఫ్రిజ్‌లో వారం పెట్టిన ముక్కకు, పొద్దున విసురు వలతో పట్టిన ముక్కకు నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. నీళ్లు కదులుతున్నంత సేపే వాసన దిగువకి పోతుంది, నీళ్లు ఆగిపోయాయా, కాట్లూ ఆగిపోతాయి. టైడ్ తిరిగే ముందే గాలాలు లోపలికి లాగేయండి, ఆ పదీ ఇరవై నిమిషాల్లో కయాక్ గిరగిర తిరిగి లైన్లన్నీ లంగరు తాడుకు చుట్టుకుంటాయి.

ఇక్కడ పడేది బ్లూ క్యాట్‌ఫిష్. మన దగ్గర నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కాదిది, జాతే వేరు, కాబట్టి ఫోటో చూసి ఇంటి దగ్గరి వాళ్లు కంగారు పడితే ఆ మాట చెప్పండి. అయితే ఇది ఈ నదిదీ కాదు. మిసిసిపి, ఒహాయో నదుల వైపు చేప, 1970లలో సరదా వేట కోసం తెచ్చి వదిలారు, ఇప్పుడు చెసపీక్ బే నదులన్నీ నిండిపోయి అక్కడి పీతల్ని, షాడ్‌ని తినేస్తోంది. ఈ రాష్ట్రంలోనే బగ్స్ ఐలాండ్ సరస్సులో 2011లో పట్టింది 143 పౌండ్లు తూగింది, ప్రపంచ రికార్డు అదే. చేతిలోకి తీసుకున్నప్పుడు గమనించండి, పొలుసు ఉండదు, వీపు నీలి బూడిద రంగు, కింది రెక్క అంచు స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది, ఛానెల్ క్యాట్‌ఫిష్‌కైతే అది గుండ్రం. పక్క రెక్కల ముళ్లను గూట్లో తిప్పుతూ కిర్రుకిర్రుమని శబ్దం చేస్తుంది. ఆ ముల్లుకి రంపంలా పళ్లుంటాయి, గుచ్చుకుంటే రెండు రోజులు సలుపు. ఒళ్లోకి లాక్కోవద్దు, గ్రిప్పర్‌తో కింది దవడ పట్టుకుని, కాళ్ల మధ్యకి జార్చండి, మీ తల మాత్రం పడవ అంచు దాటి బయటికి పోనివ్వకండి.

తినే సంగతి కూడా రాయాలి, మనవాళ్లు అడిగేదే అది. రిచ్‌మండ్ నుంచి హాంప్టన్ రోడ్స్ దాకా ఈ నది చేపల్లో పీసీబీలు (ఫ్యాక్టరీల్లో వాడిన విష రసాయనాలు) ఉన్నాయని రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరిక ఉంది: 32 అంగుళాలు, ఆ పైన ఉన్న బ్లూ క్యాట్‌ఫిష్ అస్సలు తినొద్దు, అంతకంటే చిన్నవి నెలకు రెండు సార్లకు మించొద్దు. గర్భిణులకు, చిన్నపిల్లలకు నేనైతే అసలు పెట్టను. రెండు మూడు పౌండ్లవి తెచ్చుకోండి, తోలు, కొవ్వు, పక్కన గీతలా ఉండే ఎర్ర కండ తీసేస్తే ఆ బురద వాసన పోతుంది, పీసీబీలుండేదీ ఎక్కువగా కొవ్వులోనే. చింతపండు కాస్త ఎక్కువ వేసిన పులుసుకి కండ గట్టిగా నిలుస్తుంది, విరిగిపోదు. పెద్దవి ఫోటో తీసి వదిలేయండి. లైసెన్సు ఫ్రెష్‌వాటర్‌ది కావాలి, లైఫ్ జాకెట్, విజిల్ దగ్గరుండాలి, మోటరు లేని కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

రెండు మూడు వేలు పెట్టగలిగేవాళ్లు పెడల్ కయాక్ చూడొచ్చు, చేతులు ఖాళీగా ఉండటం పెద్ద సుఖమే, కానీ బరువు ఇంకా ఎక్కువ, పాటులో లోతు లేని చోట పెడళ్లకు కింద ఆడే ఫిన్లు బురదకు తగులుతాయి. ఈత రానివాళ్లు, ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ కయాక్‌తోనూ ఈ నదికి రావొద్దు. మిగతావాళ్లు కయాక్ బడ్జెట్ మీద ఇంకో మూడొందల డాలర్లు కలిపి లెక్క వేసుకోండి: ట్రాలీ, లంగరు, కార్ట్, హోల్డర్లు, మంచి లైఫ్ జాకెట్. నాకైతే ఈ నవంబరుకీ ఇదే కయాక్, మారుస్తున్నది ముందు హ్యాచ్ రబ్బరొక్కటే.