22 పౌండ్ల పులి

లండన్‌లో ఆరు రోజులున్నాం. ఐదు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు మాత్రం పద్యాలు రాసి వాటికి తనే బొమ్మలు గీసుకున్న ఇంగ్లిష్ కవి విలియం బ్లేక్ తిరిగిన వీధులు చూపిస్తామంటే నమ్మి, మనిషికి 22 పౌండ్లు కట్టి ఓ వాకింగ్ టూర్‌కి వెళ్లాం. ఇద్దరికి 44. ఆ డబ్బుతో రెండు పూటలు కడుపు నిండా తినేవాళ్లమని మా ఆయన ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.

సోహోలో బ్రాడ్విక్ స్ట్రీట్ దగ్గర ఆపి గైడు ఓ ఎత్తైన ఫ్లాట్ల భవనం చూపించాడు. 1757లో కవి పుట్టిన ఇల్లు పోయింది, భవనానికి పేరు మిగిలింది. సరే, అది అతని తప్పు కాదు. తర్వాత బ్లేక్ పులి పద్యం, దాని బొమ్మ ఉన్న లామినేషన్ చేసిన కాగితం తీసి గట్టిగా చదివి, "పద్యంలో ఉన్నదే బొమ్మ గీశాడు" అన్నాడు. మా ఆయన తెలుగులో "ఇది పులా, దూది కూరిన పిల్లి బొమ్మా?" అన్నారు. నాకు నవ్వాగలేదు. నిజమే కదా, మాటల్లో మండే కళ్లు, కొలిమి, సమ్మెట. బొమ్మలో ఏమో గుడ్లప్పగించి చూస్తున్న సాధు జంతువు. ఎందుకలా అని గైడుని అడిగితే "అతనికి జంతువులు గీయడం రాదు" అనేసి పబ్ వైపు నడిచాడు. గంటన్నర టూర్ యాభై నిమిషాల్లో ముగిసింది.

నా ఉక్రోషానికి కారణముంది. ఇరవయ్యేళ్లు డిగ్రీ పిల్లలకి ఆ పద్యం చెప్పాను, మా పాఠ్యపుస్తకంలో బొమ్మే లేదు.

మర్నాడు బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్లు, డ్రాయింగులు చూపించే గదికి వెళ్లాం. పైసా ఖర్చు లేదు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలంతే. పులి పద్యం ఉన్న అసలు పేజీ చూస్తే అరచేతిలో ఇమిడిపోయేంతే ఉంది! బ్లేక్ రాగి రేకు మీద ఆసిడ్‌కి కరగని ద్రవంతో అక్షరాలు తిరగేసి రాసి, బొమ్మా అక్కడే గీసి, ఆసిడ్ పోసి, అచ్చు తీసి చేత్తో రంగులద్దేవాడు. భార్య కేథరిన్ కూడా సాయం చేసేది. అందుకే ఒక ప్రతిలో ఉన్న రంగు ఇంకో ప్రతిలో ఉండదు. అక్షరం తోక సాగి తీగ అవుతుంది, మాట ఎక్కడ ఆగిందో బొమ్మ ఎక్కడ మొదలైందో చెప్పలేం. బాపు గారి రాతా గీతా గుర్తొచ్చాయి.

బ్లేక్‌దే 'లండన్' పద్యం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగిపోయాం. కర్రల ఊతంతో నడిచే ముసలాయన్ని ఓ పిల్లాడు దారి చూపిస్తూ తీసుకెళ్తుంటాడు. పద్యమంతా వెతకండి, ఆ ముసలాయన కనపడడు. మాటలు దిక్కులేని ఊరు చూపిస్తుంటే బొమ్మ ఒక చెయ్యి అందిస్తోంది. పులి కూడా అంతేనేమో, పద్యం భయపడుతుంటే బొమ్మ "అంత లేదులే" అంటోందని నాకనిపించింది. మా ఆయనకి మాత్రం అది చేతకానితనమే.

టేట్ బ్రిటన్ అనే ఆర్ట్ గ్యాలరీ కూడా ఉచితమే. లాంబెత్‌లో సెంటార్ స్ట్రీట్ రైలు వంతెన కింద బ్లేక్ బొమ్మల మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన బొమ్మలున్నాయి, వాన పడినా చూడొచ్చు, మేం వెళ్లినప్పుడు బస్సుకి 1.75 పౌండ్లు.

టూర్ వాళ్లకి సగం డబ్బు వాపసు ఇమ్మని మెయిల్ పెట్టాను. ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.