గేమింగ్ పీసీ ప్రాసెసర్‌కు ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా: బెజవాడ ఎండకు ఏది తగినది?

ఎయిర్ కూలర్ ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ గాలితో తీసేస్తుంది, లిక్విడ్ కూలర్ పంపుతో ద్రవాన్ని తిప్పి తీసేస్తుంది. ఈ రెండింటిలో ఏదైనా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రతకన్నా తక్కువకు చల్లబరచలేదు కనుక, మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడలో గేమింగ్ పీసీ పెట్టే గదికి ఏసీ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

ఖర్చు: ఎయిర్ కూలర్‌కు తక్కువ, 360 మిల్లీమీటర్ల రేడియేటర్ (ద్రవాన్ని చల్లార్చే భాగం) ఉన్న లిక్విడ్ కూలర్‌కు బాగా ఎక్కువ.

శ్రమ: దుమ్ము దులపడం రెండింటికీ తప్పదు.

రిస్కు: ఎయిర్ కూలర్‌లో ఫ్యాన్ చెడితే ఫ్యాన్ మార్చుకుంటే సరిపోతుంది, లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగినా, ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గుండా ద్రవం తగ్గిపోయినా, సాధారణంగా మొత్తం యూనిట్‌నే మార్చవలసి వస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇదే.

కేవలం ఆటలకైతే, రైజెన్ 7 9800ఎక్స్3డీ వంటి 120 వాట్ల ప్రాసెసర్‌కు మంచి ఎయిర్ కూలర్ చాలు. 253 వాట్ల దాకా లాగే కోర్ ఐ9-14900కే మీద గంటల తరబడి వీడియో రెండరింగ్ కూడా చేసేవారికి లిక్విడ్ కూలరే తగినది.