వేలెడు వైరు: అంబాసిడర్‌కి కొత్త డిస్ట్రిబ్యూటర్ వేసి నాలుగేళ్లు

కంపెనీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, డబ్బా మీద ఒక పేరు, లోపల చీటీ మీద ఇంకో పేరు, సరుకు మీద అసలు ఏ పేరూ లేదు. మా 1984 మార్క్ 4 అంబాసిడర్‌కి నాలుగేళ్ల కింద వేయించిన కొత్త డిస్ట్రిబ్యూటర్ గురించి రాస్తున్నా, అంటే నాలుగు ప్లగ్గులకీ వరసగా కరెంటు పంచే భాగం. ఫైరింగ్ ఆర్డర్ (ప్లగ్గులు వెలిగే వరస) ఏంటి, పాయింట్లు (కరెంటుని కలుపుతూ విడదీస్తూ ఉండే జత) ఎలా సెట్ చేయాలి లాంటివి ఈ బండి ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నా ఏడుపంతా దాని లోపల ఉండే వేలెడు వైరు గురించి.

ముందు ఎందుకు మార్చానో చెప్పాలి. బండితో వచ్చిన పాత లూకాస్ టీవీఎస్ డిస్ట్రిబ్యూటర్‌లో షాఫ్ట్ (మధ్యలో తిరిగే కడ్డీ) బుష్ అరిగిపోయింది. క్యాప్ తీసి, షాఫ్ట్ మీద ఉండే రోటర్ పట్టుకుని పక్కకి తోస్తే టక్కుటక్కుమని ఆడేది. పాయింట్ల గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఫీలర్ గేజ్ పెట్టి సెట్ చేస్తాం, తర్వాత పాయింట్లని తెరిచే కామ్ నాలుగు ముక్కుల మీదా విడివిడిగా కొలిస్తే ఒకదాని మీద 12, ఇంకోదాని మీద 19. ఇక టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే క్షణం) ఏం నిలుస్తుంది? డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక డిగ్రీ తేడా వస్తే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, బండి చలిజ్వరం వచ్చినట్టు వణికేది. బుష్ కొట్టించి వాడుకోవచ్చని తెలుసు, కానీ లేత్ అతను వారం ఆగమన్నాడు, మేనల్లుడి పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది, పెళ్లికొడుకుని ఈ బండిలోనే తీసుకెళ్తానని అందరి ముందూ మాటిచ్చేశాను. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో అప్పటికప్పుడు దొరికింది కొనేశా. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక పాత స్టాకు ఎక్కడో అదృష్టం బాగుంటే తప్ప దొరకడం లేదు, మిగతాదంతా ఇలాంటి సరుకే.

మొదటి ఆరు నెలలు నేను దీన్ని పొగడని రోజు లేదు. ఐడిలింగ్‌లో బానెట్ మీద గ్లాసు పెడితే నీళ్లు తొణకవు, పొద్దున్నే సగం సెల్ఫ్‌కే స్టార్ట్, పికప్ అయితే బండి పదేళ్లు చిన్నదైపోయినట్టు. అంబాసిడర్ ఉన్న ఇద్దరు స్నేహితుల చేత కూడా ఇదే కొనిపించాను. (వాళ్లు ఇప్పుడు నాతో మాట్లాడుతూనే ఉన్నారు, అది వాళ్ల మంచితనం.)

రెండో ఏడు మే నెలలో అమ్మని తీసుకుని చిన్న తిరుపతి బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దాటాక కాసేపటికి బండి దగ్గడం మొదలుపెట్టింది. పక్కకి తీసి ఆపితే, ఐడిలింగ్ గడియారంలా ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు అలా ఆనిస్తే చచ్చిపోతుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే వెంటనే లేస్తుంది. అన్నిటికంటే విచిత్రం, కొంచెం తొక్కితే చచ్చేది, పట్టుదలకి పోయి అడుగంటా తొక్కితే దగ్గుతూ దగ్గుతూ అందుకునేది. ఇదేం రోగమో నాకర్థం కాలేదు.

రోడ్డు పక్క షెడ్డులో కుర్రాడు చూసి పెట్రోలు అందడం లేదన్నాడు. అతని తప్పు లేదు, ఎవరైనా ముందు అదే అంటారు. ఫిల్టర్ మార్చాడు, కార్బురేటర్ విప్పి జెట్ ఊదాడు, పంపు చూశాడు. తర్వాత ప్లగ్గులకి కరెంటు పెంచి ఇచ్చే కాయిల్ మీద అనుమానం, వేరే బండిది తెచ్చి పెట్టి చూశాం. తర్వాత పాయింట్లతో ఉండే కండెన్సర్. రెండు గంటలైంది, ఎండ మాడ్చేస్తోంది, అమ్మ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని మజ్జిగ తాగుతూ షెడ్డు వాళ్ల పిల్లకి జడ వేస్తోంది. బండి మాత్రం అదే వరస.

అప్పుడు ఆ కుర్రాడి మావయ్యట, ఒక పెద్దాయన మోపెడ్ మీద వచ్చాడు. ఏమీ అడగలేదు. స్టార్ట్ చేయించి, యాక్సిలరేటర్ రెండుసార్లు కదిపి చూసి ఆపేయమన్నాడు. క్యాప్ తీశాడు, పాయింట్లు మూసుకునేలా ఇంజిన్ కొంచెం తిప్పి, కీ ఆన్ చేయమన్నాడు. స్క్రూడ్రైవర్‌తో పాయింట్లని మీటితే చిటుక్కున నిప్పు. సరే. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే, ఇంజిన్ పీల్పుతో టైమింగ్ ముందుకి జరిపే వాక్యూమ్ పైపు ఉంటుంది కదా, దాన్ని కార్బురేటర్ వైపు పీకి, నోట్లో పెట్టుకుని పీల్చాడు. లోపల పాయింట్లు బిగించి ఉండే ప్లేటు కొద్దిగా తిరిగింది. పీలుస్తూనే మళ్లీ పాయింట్లు మీటాడు. నిప్పు లేదు. పైపు వదిలేశాడు, ప్లేటు వెనక్కి వచ్చింది, మీటాడు, నిప్పు.

"పెట్రోలు కాదు బాబూ, కరెంటు కట్టవుద్ది," అన్నాడు. లోపల పాయింట్లకి వెళ్లే చిన్న వైరుని గోటితో పట్టి లాగితే దాని ప్లాస్టిక్ తొడుగు రబ్బరులా సాగింది. లోపల రాగి పోగులన్నీ తెగిపోయి, ఉత్త తొడుగు మాత్రమే వైరులా కనిపిస్తోంది.

అప్పుడర్థమైంది మొత్తం కథ. ఐడిలింగ్‌లో ఆ పైపులో వాక్యూమ్ ఉండదు కాబట్టి ప్లేటు కదలదు, తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, బండి హాయిగా నడుస్తుంది. కొంచెం తొక్కగానే వాక్యూమ్ ప్లేటుని లాగుతుంది, కొసలు విడిపోతాయి, ఇంజిన్ చస్తుంది. అడుగంటా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది, కొసలు మళ్లీ తగులుతాయి. మేం రెండు గంటలు కార్బురేటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాం.

ఆయన వైరు మార్చలేదు. పైపు కొసలో అగ్గిపుల్ల విరిచి దూర్చి, దాన్ని కట్టేసి, కార్బురేటర్ వైపు రంధ్రం కూడా మూసేసి, "ఇట్టాగే పోండి, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుద్ది అంతే" అన్నాడు. నేను వెనక్కి తిప్పుదామంటే అమ్మ ఒప్పుకోలేదు, స్వామి దగ్గరికని బయల్దేరి సగం దారిలో తిరిగి పోతామా అంది. ఆ అగ్గిపుల్లతోనే చిన్న తిరుపతి వెళ్లి, దర్శనం చేసుకుని, రాత్రికి విజయవాడ వచ్చేశాం. ఆయన తీసుకున్నది టీ డబ్బులు.

ఇంటికొచ్చాక ఆదివారం న్యూస్‌పేపర్ పరిచి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి విప్పాను. పాతదాంట్లో ఆ వైరు వెంట్రుకల్లాంటి సన్నని పోగులతో, పైన నూలు అల్లికతో, దారంలా మెత్తగా ఉంది. పైగా వదులుగా ఒక మెలిక వదిలారు, ప్లేటు ఎటు తిరిగినా లాక్కోదు. కొత్తదాంట్లో ఇంట్లో బల్బుకి వాడే లాంటి వైరు, నాలుగైదు లావు పోగులు, ఇంజిన్ వేడికి ప్లాస్టిక్ తొడుగు బిగుసుకుపోయింది. పొడవు కూడా అరంగుళం తక్కువ. మనం యాక్సిలరేటర్ మీద కాలు మార్చిన ప్రతిసారీ ఆ ప్లేటు కదులుతుంది, అంటే ఆ వైరు వంగుతుంది. రెండేళ్లు ఎలా నిలిచిందా అని ఆశ్చర్యపోవాలి నిజానికి.

విప్పాను కాబట్టి ఇంకొకటి కూడా కంటపడింది, అది నా పొగడ్తకి సంబంధించింది. ప్లేటు కింద, స్పీడుని బట్టి టైమింగ్ ముందుకి జరిపే అడ్వాన్స్ బరువులకి రెండు స్ప్రింగులుంటాయి. పాతదాంట్లో ఒకటి సన్నం, ఇంకోటి లావు, లావుది మొదట్లో పట్టుకోకుండా కొంచెం వదులుగా ఉంటుంది. కొత్తదాంట్లో రెండూ ఒకే సన్న స్ప్రింగులు. అంటే స్పీడు పెరగకముందే టైమింగ్ మొత్తం ముందుకి వచ్చేస్తుంది. నేను పికప్ పికప్ అని మురిసిపోయింది దీన్ని చూసే. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేర్లో గిలక్కాయలా నాకింగ్ చప్పుడు వచ్చేది, దాన్ని ఇప్పటి పెట్రోలు మీదకి తోసేశాను. ఇక ఐడిలింగ్ బాగుపడడం అంటారా, అరిగిన షాఫ్ట్ తీసి అరగని షాఫ్ట్ ఏది పెట్టినా బాగుపడుతుంది.

వైరు మార్చి, పాతదాని స్ప్రింగులు దీనికి వేసి ఇంకో ఏడాది పైన నడిపాను. ఏ ఇబ్బందీ పెట్టలేదు, అది కూడా చెప్పాలి. షాఫ్ట్‌లో ఇప్పటికీ ప్లే (వదులు) రాలేదు, క్యాప్ పగల్లేదు. కండెన్సర్ మాత్రం మొదటి రోజే పాతది తీసి దీనికి వేశాను, కాబట్టి దానితో వచ్చిన కండెన్సర్ ఎలాంటిదో నాకు తెలియదు. పోయిన సంక్రాంతి ముందు తీరిక దొరికి పాతదాన్ని లేత్‌కి ఇచ్చాను. ఇత్తడి బుష్ కొట్టి, నూనెలో నానబెట్టి, షాఫ్ట్ కూర్చి ఇచ్చాడు, నాలుగు రోజులే పట్టింది, కొత్తదాని ధరలో మూడో వంతు కూడా కాలేదు. నాలుగు ముక్కుల మీదా గ్యాప్ 14కీ 16కీ మధ్యలోనే. ఇప్పుడు బండి మీద ఉన్నది అదే, స్ప్రింగులు మళ్లీ దానివి దానికే. పికప్ కొంచెం తగ్గింది, ఒప్పుకుంటా. నాకింగ్ పోయింది.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేసుకోవచ్చుగా అంటారు. మా స్నేహితుడి పద్మిని కారులో ఉంది, బాగానే నడుస్తోంది. నాకే ధైర్యం చాలదు. అగ్గిపెట్టె పక్కన గీకుడు కాగితంతో రుద్ది పాయింట్లని ఇంటిదాకా తెచ్చుకోవచ్చు, ఆ కిట్ దారిలో పోతే ఇంకొకటి జేబులో ఉంటే తప్ప చేసేదేం లేదు.

కొనేవాళ్లు షాపులోనే క్యాప్ తీసి చూడండి. రోటర్ పక్కకి తోసి చూడడం అందరూ చేస్తారు, అది చాలదు. వాక్యూమ్ గొట్టం నోటితో పీల్చి నాలుకతో మూసి పట్టుకోండి, ప్లేటు తిరిగి అక్కడే నిలబడాలి, అప్పుడు లోపలి వైరు ఎలా వంగుతోందో చూడండి. లాగినట్టు కనిపిస్తే వద్దు, లేదా కొన్నాక బిగించే ముందే వైరు మార్చించండి. షాపు ఆయన మిమ్మల్ని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

నేను నెలకి 250 కిలోమీటర్లు, అది కూడా ఆదివారాలు, తిప్పేవాడిని, ఆటోనగర్ ఇంటికి పది నిమిషాలు, అందుకే పాతదాన్ని బాగుచేయించుకోవడం నాకు కుదిరింది. రోజూ తిప్పేవాళ్లకి, లేత్ దగ్గర్లో లేని ఊళ్లో ఉన్నవాళ్లకి, పాత బాడీయే పగిలిపోయినవాళ్లకి కొత్తదే గతి, వైరు సంగతి చూసుకుంటే పని కానిస్తుంది. నా కొత్తదాన్ని పాత తువ్వాలులో చుట్టి డిక్కీలో పడేశా. ఒకాయన అమ్ముతావా అని అడిగాడు, ఇవ్వలేదు. బాగుందని కాదు, దాని రోటరూ క్యాపూ మా పాతదానికి సరిపోతాయి.